గుండీ నుంచి గొలుసుదాకా

ప్రకృతి ఇచ్చిన వస్తువుతో నగ చేస్తే చాలు, చేసినవారికి న్యాయం జరిగినట్టేనని అనుకుంటాం. ఈక్వెడార్ టాగువా గింజ చరిత్ర ఈ నమ్మకాన్ని బలపరచదు. ఒక జాతి తాళవృక్షానికి కాసే ఈ గింజ ఎండితే ఏనుగు దంతంలా తెల్లగా, గట్టిగా మారుతుంది. 19వ శతాబ్దం చివర్లో అది ఓడలకెక్కి యూరప్, అమెరికాల్లో చొక్కా గుండీలయింది. కోత, మెరుగు ఎక్కువగా అక్కడి ఫ్యాక్టరీల్లోనే జరిగేవి కాబట్టి లాభమూ అక్కడే మిగిలింది. ఏరినవారికి దక్కింది ముడిగింజ ధరే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్లాస్టిక్ గుండీలు ఆ గిరాకీని మింగేశాయి.

1990లో పర్యావరణ సంస్థ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ చేపట్టిన కార్యక్రమం టాగువాకు మళ్లీ కొనుగోలుదారులను వెతికింది. పూసలు, లోలకులు అక్కడి చేతులే చెక్కితే పనితనం విలువ కొంతైనా ఊళ్లో నిలుస్తుంది. నగల మార్కెట్ చిన్నది, ఫ్యాషన్ మారితే గుండీల గతే పడుతుందన్న అభ్యంతరం సబబే. అయితే చేసేవారికి న్యాయం దక్కాలని కోరే ఫెయిర్ ట్రేడ్ (న్యాయ వాణిజ్యం) పద్ధతిలో అసలు సంగతి గింజ కాదు, ఒప్పందం. హస్తకళాకారులు అడిగితే కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలన్నది దాని నియమం. ఫ్యాషన్ మారకుండా ఆ నియమం ఆపలేదు. కానీ పెట్టుబడి భారం మొత్తం చేసేవారి నెత్తిన పడకుండా చూస్తుంది. గుండీల కాలంలో కొరవడింది ఇలాంటి కట్టుబాటే.