మిగిలిన సీటు నుంచి ఎంఐటీ దాకా

అడ్మిషన్ల రోజుల్లో మన పిల్లల నోట ఒక ప్రశ్న వింటుంటాను. "ఏ గ్రూపు మంచిది సార్?" అని కాదు, "ఏ గ్రూపులో సీటు మిగిలింది సార్?" అని. విన్నప్పుడల్లా వెస్లీ హారిస్ గుర్తొస్తారు.

1941లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో పుట్టిన నల్లజాతి బిడ్డ. అమ్మానాన్నలు పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు. (పొగాకు ఘాటు మధ్య కూలి అంటే ఏమిటో గుంటూరు, ప్రకాశం మిత్రులకు నేను చెప్పాలా?) ఆయన చదవాలనుకున్నది ఫిజిక్స్. వర్జీనియా యూనివర్సిటీలో ఆ డిగ్రీ ఇచ్చే విభాగం నల్ల విద్యార్థుల్ని రానివ్వలేదు. ఇంజనీరింగ్ తలుపు మాత్రం 1955లో, అదీ కోర్టు తీర్పుల ఒత్తిడి తర్వాత, కొంచెం తెరుచుకుంది. అలా ఆయన విమానాల ఇంజనీరింగ్‌లో చేరారు. రేపు ఎవరో దీన్ని "చిన్ననాటి కల నెరవేరింది" అని రాస్తారు. విమానాల మీద ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టం ఉన్న మాట నిజమే. కానీ ఆ సీటు ఆయన ఎంచుకున్నది కాదు, వాళ్లు వదిలిపెట్టింది.

అక్కడ తలవంచుకుని చదువుకుపోలేదు. 1963 మార్చిలో మార్టిన్ లూథర్ కింగ్‌ను ఆ క్యాంపస్‌కు రప్పించిన విద్యార్థుల్లో ఆయన ముందున్నారు. మరుసటి ఏడాదే ఆనర్స్‌తో పట్టా. ఉద్యమంలో తిరిగితే చదువు పాడవుతుందని మనకు బోధించే పెద్దలు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1968లో ప్రిన్స్‌టన్ డాక్టరేట్. తర్వాత తనను ఫిజిక్స్‌కు రానివ్వని యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. 1970ల మొదట్లో ఎంఐటీ చేరారు. హెలికాప్టర్ రెక్కలు గాలిని కోస్తున్నప్పుడు ఆ మోత ఎలా పుడుతుందో పరిశోధించారు. నాసాలో విమానయాన విభాగానికి అధిపతి అయ్యారు, 2003లో ఎంఐటీలో తన శాఖకే అధిపతి.

ఈ పదవుల జాబితా చూపించి "చూశారా, ప్రతిభ ఉంటే చాలు, రిజర్వేషన్లు ఎందుకు?" అనేవాళ్లు ఉంటారు. వాళ్లు దాటేసే సంవత్సరం 1975. ఎంఐటీలో మైనారిటీ విద్యార్థుల చదువు కోసం ప్రత్యేక కార్యాలయం మొదలైంది ఆ ఏడాదే. దాని తొలి డైరెక్టర్ హారిస్. ప్రతిభ ఒక్కటే చాలుననుకుంటే, గాలి లెక్కల్లో మునిగిన మనిషికి ఆ ఆఫీసుతో పనేముంది? సీటు దొరికాక కూడా మొదటి సెమిస్టర్‌లోనే పిల్లలు ఎలా వెనక్కి నెట్టబడతారో ఆయనకు తెలుసు.