సాక్ష్యం చెప్పుకునే చోటు

పోయిన వారం ఒక పీజీ విద్యార్థి ఫోన్ చేశాడు. మన పిల్లాడే, ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చినవాడే. అడగాలా వద్దా అని కాసేపు నసిగి, చివరికి అడిగాడు. "మేడమ్, మనవాళ్ళు గంజినీళ్ళ కోసం, పాలపొడి కోసం మతం మారారని మా క్లాసులో అంటుంటే నాకు ఏం చెప్పాలో తెలీలేదు. నిజమేనా?"

ఈ మాట నేను డిగ్రీలో విన్నాను, పీహెచ్‌డీలో విన్నాను, ఉద్యోగంలో చేరాక స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ కూడా విన్నాను. అనేవాళ్ళు మారుతుంటారు, మాట మాత్రం అదే. ఆ పిల్లాడికి ఫోన్‌లో పొడిపొడిగా ఏదో చెప్పాను. ఇక్కడ వివరంగా చెబుతాను.

ముందు కరువు సంగతి. 1876-78 కరువును మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు, అది ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలవ తవ్విస్తుంటే అందులో మూడున్నర మైళ్ళు ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది మాదిగలు, మాలలు, ఇంకా ఆకలితో ఉన్న ఎన్నో కులాలవాళ్ళు ఆ కట్ట మీద పనిచేశారు. మేస్త్రీలుగా నిలబడింది చాలావరకు మాదిగ బోధకులే. కూలి డబ్బు చేతికి వచ్చేది, పని ఆగినప్పుడు బోధకులు చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాళ్ళు.

ఇక్కడిదాకా వింటే "గంజినీళ్ళు" అన్నవాడు గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ ఆ కరువు రోజుల్లోనే క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. సాయం పంచే పని ముగింపుకు వచ్చాక, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి పంపించబోతే జనం వెళ్ళలేదు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలోకి దిగి బాప్తిస్మాలు ఇచ్చినవాళ్ళు మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

కూలి ఉన్నప్పుడు కాదు, కూలి అయిపోయాక వచ్చారు. క్లాసులో ఎవరైనా మళ్ళీ అంటే ముందు ఈ తేదీ చెప్పండి.

అయితే నాకు ఈ లెక్కతో తృప్తి లేదు. 2,222 అనే అంకె అమెరికాలో చందాలు ఇచ్చేవాళ్ళకు బాగా పనికొచ్చింది. మనకు పనికొచ్చేది అంతకు పన్నెండేళ్ళ ముందు జరిగింది. 1866లో, ఒంగోలుకు పడమరగా ఉన్న తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఆయన భార్య నాగమ్మ.

పేరయ్యది తోళ్ల వ్యాపారం. కానీ ఆయన్ని ఎవరో దొర వచ్చి చీకట్లోంచి లాగి వెలుగులో పడేశాడని మాత్రం అనుకోకండి. అప్పటికే ఆయన వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. ధ్యానంలో కూర్చునేవాడు, శిష్యులు కూడా ఉండేవాళ్ళు. మాదిగపల్లెలో ఆడగురువు దగ్గర యోగం నేర్చుకున్న తోళ్ల వ్యాపారి! మన సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఆయనకు ఏ అధ్యాయంలో చోటిస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు యేసు కథ చెవిన పడింది. అప్పటినుంచి ఆ కథ చెప్పేవాళ్ళ కోసం వెతుక్కుంటూ తనే వచ్చాడు. మిషను పేరయ్యను కనిపెట్టలేదు, పేరయ్యే మిషన్ను కనిపెట్టాడు. తర్వాత మూడు తాలూకాల మాదిగపల్లెల్లో చుట్టాలు, వియ్యంకులు, వ్యాపారం మీద తెలిసినవాళ్ళు, పాత యోగ శిష్యులు, ఇలా ఆయన నడిచిన దారులవెంటే ఆ కథా నడిచింది.

అదే కాలంలో ఒంగోలులో పై కులాల కుర్రాళ్ళు కొందరు క్లౌ దగ్గరికి వచ్చి చదువు మీద, మతం మీద ఆసక్తి చూపించారు. మాదిగలు చేరతారని తెలిశాక, వాళ్ళుంటే మేం రాం అన్నారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని, లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట అందులో ఉందని క్లౌ స్వయంగా చెప్పుకున్నాడు. ఆ అద్భుతం సంగతి ఎలా ఉన్నా, ఆ నిర్ణయం మాత్రం నిజం. మన చరిత్రలో ఇద్దరిలో ఎవరు కావాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మమ్మల్ని ఎంచుకున్నవాళ్ళు ఎంతమంది?

చేరినవాళ్ళకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు.

మొదటి షరతు దగ్గర కాసేపు ఆగుదాం. వెట్టి చేసే మాదిగకు వారంలో సెలవు రోజు అనేది ఉండేది కాదు. మోట బొక్కెన్లు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, చచ్చిన గొడ్డును లాగాలి, కబురు మోయాలి, కోతకు వెళ్ళాలి, జాతరకు డప్పు కొట్టాలి. పిలిచినప్పుడు వెళ్ళాలి, అంతే. అలాంటివాడు ఒక పొద్దున ఆసామి పిలిస్తే "ఇవాళ ఆదివారం, రాను" అన్నాడు. ఆ మాట ఎవరిముందు అన్నాడో ఊహించండి. యూనియన్ లేదు, చట్టం లేదు, వెనక పోలీసు లేడు. పనికి పిలవడం మానేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు, దొంగతనాలు అంటగట్టారు. అయినా మళ్ళీ ఆదివారం వచ్చింది, మళ్ళీ రానన్నాడు. నాకు తెలిసినంతలో మన ప్రాంతంలో వ్యవసాయ కూలీ మొదటి సమ్మె అదే. వారానికోసారి జరిగే సమ్మె. మన కామ్రేడ్లు దాన్ని సమ్మె అనరు, ఎందుకంటే వాళ్ళు జెండా పట్టుకోలేదు, మోకాళ్ళమీద ఉన్నారు.

మూడో షరతుతో మాత్రం నాకు పేచీ ఉంది. విగ్రహం మానమనేసరికి డప్పు కూడా పోయింది. జాతరలో డప్పు కొట్టడం వెట్టిలో భాగం, నిజమే, మానడం విముక్తే. కానీ ఆ తోలుతో పాటు పాట పోయింది, అడుగు పోయింది, మాతంగి పోయింది. అదే ఒంగోలు పక్కన ఈదుమూడిలో 1994 జూలై 7న దండోరా పుట్టినప్పుడు చర్చి మాన్పించిన డప్పును మనవలు మళ్ళీ భుజాన వేసుకున్నారు. మా నాయనమ్మకు అది నచ్చలేదు. "మేం ఎంత కష్టపడి దించామో తెలుసా?" అంది. నేను ఎత్తాం అన్నాను. ఇద్దరం నిజమే చెప్పాం.

ఇక అసలు విషయం.

పేరయ్య కథ మనకెలా తెలుసు? క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ ముసలి బోధకులను కూర్చోబెట్టుకుని వాళ్ళ జీవితాలు చెప్పించుకుని 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. చెప్పులు కుడుతూ ఉండగా అని ఆ పేరుకు అర్థం. ఆమె కూడా డాక్టరేట్ చేసిన మనిషే, మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. పుస్తకంలో దొరసాని చూపు ఉంది, దాచను. కానీ ఆ వెనక మాట్లాడుతున్నది మాదిగలు. నేను ఎక్కడ పుట్టాను, మా నాన్న ఏం చేశాడు, నా గురువు ఎవరు, నాకేం జబ్బు చేసింది, నేనెట్లా మారాను. చర్చిలో దీన్ని సాక్ష్యం అంటాం.

నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు దళిత ఆత్మకథల అధ్యాయంలో ఈ సాక్ష్యాల గురించి రాస్తానన్నాను. అది సాహిత్యం కాదన్నారు. మతప్రచారం అన్నారు. ఎవరన్నారో అనవసరం, తీసేశాను. ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆత్మకథ అంటే ఒక మనిషి పదిమంది ముందు నిలబడి "నేను" అనడమే కదా. పంతొమ్మిదో శతాబ్దంలో మాదిగ మనిషి "నేను" అంటే పదిమంది నిశ్శబ్దంగా వినే చోటు తెలుగుదేశంలో ఎక్కడుంది? గుడిలో లేదు, కచేరీలో లేదు, బడిలో లేదు. తాటాకు చర్చిలో ఉంది.

ఆ వినడం ఏం చేస్తుందో నాకు పుస్తకాల వల్ల తెలియలేదు.

మా నాయనమ్మ బైబిలు స్త్రీ. చేతిసంచిలో బైబిలు, పాటల పుస్తకం, తలనొప్పి మాత్రలు పెట్టుకుని పల్లెపల్లె తిరిగేది. నేను హాస్టల్‌కు వెళ్ళాక అంబేడ్కర్‌ను చదివి చర్చి మానేశాను. క్రైస్తవంలోకి వెళ్ళిన అంటరానివాళ్ళ స్థితి మీద ఆయన రాసిన విమర్శ నాకు కంఠతా వచ్చు. అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. మాలల చర్చి, మాదిగల చర్చి వేరుగా ఉండటం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను.

పీహెచ్‌డీ మూడో ఏడు నేను పడిపోయాను. జబ్బు పేరు డిప్రెషన్. అప్పుడు నాకు తెలియదు. నిద్ర లేదు, రాసిన వాక్యం రెండోసారి చదవలేకపోయేదాన్ని, మెస్‌కు వెళ్ళాలంటే భయం. మా క్యాంపస్‌లలో మన పిల్లలు ఎందుకు చచ్చిపోతున్నారో మీకు తెలుసు, నేను ఆ అంచుదాకా వెళ్ళి వచ్చాను. ఒక సాయంత్రం పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాను.

స్త్రీల సమాజం వాళ్ళు రాత్రికల్లా వచ్చారు. పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, కాళ్ళకు మట్టి. "ఏమైందమ్మా" అని ఒక్కరూ అడగలేదు. కస్తూరత్త నా తల ఒళ్ళో పెట్టుకుని నూనె రాసింది. (ఆమె అసలు పేరు వేరు, ఇక్కడ మార్చాను.) ఆ రాత్రినుంచి నలభై రోజులు వంతులేసుకుని నా పక్కన ఒకరు పడుకున్నారు. నేను లేస్తే లేచేవాళ్ళు, కూర్చుంటే కూర్చునేవాళ్ళు. ప్రార్థన చేసేవాళ్ళు, నేను ఆమెన్ అనకపోయినా పట్టించుకునేవాళ్ళు కాదు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిందీ వాళ్ళే. "దేవుడు డాక్టర్లను ఊరికే చేయలేదు, మాత్ర వేసుకో" అని నాయనమ్మ రోజూ నీళ్ళు అందించేది. ఏడాదిన్నర మందులు వాడాను. ప్రార్థన చాలు, మందులు వద్దు అనే పాస్టర్లను చూశాను, వాళ్ళ మాట వినకండి. నాకు రెండూ ఇచ్చింది ఆ పల్లె ఆడవాళ్ళే.

ముప్ఫై ఏడో రోజో ఎనిమిదో రోజో కూడికలో కస్తూరత్త లేచి సాక్ష్యం చెప్పింది. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో తనకూ ఇలాగే నిద్ర పట్టలేదట. బావిదాకా వెళ్ళిందట. మా నాయనమ్మ వెనకాలే వెళ్ళి, ఏమీ అనకుండా, గట్టున పక్కన కూర్చుందట తెల్లారేదాకా. నా వైపు చూడకుండానే చెప్పింది. చెప్పి కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. నేను ఏడ్చాను. ఆరునెలల్లో అదే మొదటిసారి ఏడవడం.

ఇప్పుడు నువ్వు విశ్వాసివా అని మిత్రులు అడుగుతారు. ఆదివారం కూడికకు వెళ్తాను. ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేస్తాను. నాయనమ్మ వేసిన ప్రశ్నలకే జవాబు చెప్పలేకపోయాను, మీకేం చెప్పను.

కానీ ఒకటి చెప్పలేనిది ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందూ మతం కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సిలోకి పోతారు. ఊరివాడు మాత్రం బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి బీసీ అని లోపలికి రానివ్వడు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలను తరిమినప్పుడు ఎవరి సర్టిఫికెట్‌లో ఏ మతముందో చూసి తరమలేదు. పారిపోయినవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు.

అందుకే మన పల్లెల్లో ఒక మనిషికి రెండు పేర్లు. ఆదివారం ఒకటి, ఎమ్మార్వో ఆఫీసులో ఒకటి. పదిమంది ముందు "నేను" అనడం నేర్పిన చోటునుంచి వచ్చినవాళ్ళం, దస్త్రం ముందు ఆ "నేను"ను మింగేస్తాం. నా సర్టిఫికెట్‌లో ఏముందో ఇక్కడ రాయడం లేదు. ఇంతసేపు సాక్ష్యం గురించి రాసి, ఆ ఒక్క సాక్ష్యం చెప్పలేకపోతున్నాను.

నాయనమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమె సంచి నా దగ్గరుంది. మొన్న సెమిస్టర్ పరీక్షలప్పుడు మా కాలేజీ హాస్టల్లో ఒకమ్మాయి రెండు రోజులుగా తినడం లేదని తెలిసి రాత్రి వెళ్ళాను. తలుపు తీసింది. ఏమైందని అడగలేదు. మంచం పక్కన చాప వేసుకున్నాను.