దేహభారము – పెద్దప్రేగు క్యాన్సరు

ఒకనిని చూచి "ఒళ్లు చేసినాడు" అన్నచో మన పల్లెలలో అది శుభవార్త. బక్కచిక్కినవానిని చూచి జాలిపడుదుము; బొజ్జ పెరిగినవానిని చూచి కలిగినవాడని గౌరవింతుము. 1876లో వచ్చిన ధాతకరవును గూర్చి తాతముత్తాతల కాలమునుండి చెప్పుకొనుచు వచ్చిన సీమలో ఇట్టి భావము వేరూనుట వింతగాదు. అయినను ఒంటిమీద మితిమీరి పేరుకొన్న కొవ్వు కొన్ని క్యాన్సరులకు, అందును పెద్దప్రేగు క్యాన్సరునకు, దోహదము చేయునని నేడు వైద్యశాస్త్రము నిశ్చయించినది. ఈ సత్యమును ఏ వైద్యుడును ఒక్క రోగి నాడిపట్టి కనుగొనలేదు. లక్షల జనుల బరువులను, మరణములను లెక్కవ్రాసి సరిపోల్చగా, తరములు గడచిన మీదట తేలినది. ఆ లెక్కల చరిత్రనే నేను నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట వ్యాధి స్వరూపమును చెప్పెదను. మనము తిన్న ఆహారము చిన్నప్రేగులో జీర్ణముకాగా మిగిలినది పెద్దప్రేగును చేరును. అచ్చట నీరింకి, మలము గట్టిపడి, పురీషనాళముద్వారా వెలికిపోవును. ఈ మార్గమున లోపలి పొరమీద కొందరికి చిన్న బుడిపెలు లేచును. వానిలో పెక్కింటివలన హానిలేదు. కొన్ని మాత్రము ఏండ్లతరబడి పెరిగి క్యాన్సరుగా మారును. మన పూర్వులు రాచపుండు అని భయపడినది ఈ జాతి వ్యాధికే.

ఇక లావు, సన్నము అనునవి కంటి అంచనాలు. శాస్త్రమునకు కొలత కావలెను. బెల్జియము దేశపు గణితవేత్తయగు అడాల్ఫ్ కెట్లే 1835లో ప్రకటించిన గ్రంథమున, పెరుగుదల ముగిసినవారి బరువు వారి ఎత్తును ఎత్తుతోనే గుణించిన మొత్తము ననుసరించి యుండునని చూపెను. ఆయన మనసున వ్యాధుల విచారము లేదు. సగటు మనిషి ఎట్లుండునో తెలిసికొనుటే ఆయన కోరిక. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఆ కొలతకు బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడిరి. దానిని మనము దేహభారసూచిక అందము. లెక్క సులభము. ఒకని ఎత్తు 1.6 మీటర్లు, బరువు 64 కిలోలు అనుకొనుడు. 1.6ను 1.6తో గుణించిన 2.56 వచ్చును. 64ను 2.56తో భాగించిన 25 వచ్చును. అదియే అతని సూచిక.

లావునకును ఆయుర్దాయమునకును గల సంబంధమును ముందుగా పట్టుకొన్నవారు వైద్యులుకారు, బీమావారు. ఎవడు త్వరగా మరణించునో తెలియనిచో వారికి నష్టము. కావున 20వ శతాబ్ది ఆరంభమున అమెరికా జీవితబీమా గణకులు తమ ఖాతాదారుల ఎత్తులను, బరువులను, మరణములను పట్టికలుగా కూర్చిరి. షికాగో నగరపు వైద్యశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ టానెన్‌బామ్ ఇట్టి బీమా లెక్కలను పరిశీలించి, స్థూలకాయులలో క్యాన్సరు మరణము లధికముగా నున్నవని 1940లో వ్రాసెను. అంతటితో నిలువక, ఎలుకలకు మేత తగ్గించి చూచెను. మితముగా తిన్న ఎలుకలకు కణుతులు తక్కువగా పుట్టెను.

అయినను లోకము ఈ మాటను చెవినిడలేదు. ఏలయన, క్యాన్సరు ముదిరిన రోగి చిక్కి శల్యమగును. ఆసుపత్రిలో వైద్యుని కంటబడినవాడు ఎముకలగూడు. వానికి లావువలన ఈ వ్యాధి వచ్చినదన్న నమ్మువారెవరు? ఈ చిక్కు వీడవలెనన్న ఒక్కటే మార్గము. ఆరోగ్యముగా నున్న దినములలోనే జనుల బరువు వ్రాసికొని, పిమ్మట ఏండ్లకొలది వారిని కనిపెట్టి యుండవలెను.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని 1959లో మొదలుపెట్టెను. వేలాది స్వచ్ఛందసేవకులు ఇంటింటికి తిరిగి ప్రశ్నలడిగి వ్రాసికొనిరి. 1972 వరకు సాగిన ఆ గణనలో 7,50,000 మంది స్త్రీపురుషుల వివరములను పరిశీలించి 1979లో ఫలితములను ప్రకటించిరి. లావైన పురుషులలో పెద్దప్రేగు, పురీషనాళముల క్యాన్సరు మరణములు ఎక్కువగా కనబడెను. 1982లో ఆ సంస్థయే మరియొక గణనను ప్రారంభించెను. అప్పటికి క్యాన్సరులేని 9 లక్షలకు పైబడిన జనులను 16 ఏండ్లు కనిపెట్టిన పిమ్మట, 2003లో ప్రకటించిన ఫలితములలో స్త్రీలయందును ఆ సంబంధము రూఢియయ్యెను.

ఎంత హాని యన్నది 2008లో తేలెను. అనేక దేశముల పరిశోధనలను ఒక్కచో కూర్చి చూడగా, దేహభారసూచిక 5 చొప్పున పెరిగినకొలది పెద్దప్రేగు క్యాన్సరు పురుషులలో నూటికి 24 వంతున, స్త్రీలలో నూటికి 9 వంతున ఎక్కువగా వచ్చుచున్నదని కనబడెను. 1.6 మీటర్ల మనిషికి 5 అన్న సుమారు 13 కిలోలు. అనగా ఒక పురుషుల గుంపులో నూరుగురికి ఈ వ్యాధి వచ్చునెడల, తలకు 13 కిలోలు హెచ్చుగానున్న అంతే గుంపులో 124 మందికి వచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనాసంస్థ 2002లోనే పెద్దప్రేగు విషయమున సాక్ష్యము చాలునని పలికెను. 2016లో కొవ్వుతో సంబంధముగల క్యాన్సరులు 13 అని తేల్చెను.

కారణమేమి? కొవ్వు ఊరక పడియుండు మూట కాదు. ముఖ్యముగా కడుపులో పేరుకొన్నది దేహమునందు మెల్లగా రగులు తాపమును పుట్టించును. ఇన్సులిను సరిగా పనిచేయనందున దేహము దానిని మరింతగా ఊరించును. ఇన్సులిను ఎక్కువైనచో కణములు పెరుగుటకు, చావవలసినవి చావకుండుటకు ప్రోత్సాహము కలుగును. పొలములో ఎరువెక్కువైన పైరుతోపాటు కలుపును బలియునుగదా!

ఇవి పరదేశీయుల లెక్కలు, మనకేమి యని మీరడుగవచ్చును. ఆసియావాసుల దేహమున అదే సూచికకు కొవ్వు ఎక్కువగా నుండునని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 2004లో తెలిపి, మనవంటివారు 23 దాటినప్పుడే జాగ్రత్త పడవలెనని సూచించిరి. పైని చెప్పిన 1.6 మీటర్ల మనిషికి అది 59 కిలోలు మాత్రమే. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించుట మంచిదికాదని మన దేశపు వైద్యులు చెప్పుచున్నారు. మన పల్లెలలో మోట పోయి విద్యుత్తు మోటారు వచ్చినది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. పొరుగూరికి నడక పోయి మోటారు సైకిలు వచ్చినది. కంచములోని అన్నము మాత్రము మోట తోలిన నాటిదే.

అయితే నా మాటను అపార్థము చేసికొనవలదు. లావైనవారందరికి ఈ వ్యాధి రాదు, సన్ననివారికి రాకపోదు. వయస్సు, వంశము, పొగాకు, మద్యము, నిలువచేసిన మాంసము మొదలగు కారణములును గలవు. కావున రోగిని చూచి "నీవు తిని తెచ్చుకొన్నావు" అని నిందించుట అజ్ఞానము, నిర్దయ. లెక్కలు గుంపును గూర్చి చెప్పును గాని ఒక్కని నుదుటి వ్రాతను చదువవు.

మీచేతిలోనున్న పనులు రెండు. ఒకటి, ఇంటిలోని పిల్లలు, యువకులు అనవసరముగా బరువు పెరుగకుండ చూచుట; రోజూ నడక, మితభోజనము, కూరలు, పప్పులు, చిరుధాన్యములు అందుకు చాలును. రెండవది ఇంకను ముఖ్యము. మలములో నెత్తురు పడినను, విరేచనపు అలవాటు వారములతరబడి మారినను, కారణములేక చిక్కిపోయినను, మొలలే యని నాటుమందుతో నెలలు గడపవలదు. సిగ్గుపడి దాచవలదు. వైద్యుడు గొట్టపు కెమెరాతో చూచి, బుడిపె దశలోనే దానిని తొలగించినచో క్యాన్సరు రాకుండనే ఆపవచ్చును. పెద్దలగు మీరు ఈ మాటను రచ్చబండ దగ్గర పదుగురి ఎదుట పలికినచో, సిగ్గుతో మూసిన నోళ్లు కొన్నియైనను తెరచుకొనును.