మా వన్‌టౌన్ ఇల్లూ, మెట్ల కింద మరుగుదొడ్డీ

పోయిన వేసవిలో నా నెత్తిన ఒక ప్రాజెక్టు పడింది. క్లయింటు మా మామ్మ, వయసు 83. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు ఒక్కటే లైను: "రాత్రిళ్ళు అంత దూరం పోలేనురా అబ్బాయ్, లోపలే ఏదో ఒకటి చూడు." అంతకు నెల ముందే అర్ధరాత్రి దొడ్లోకి వెళ్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, సివిల్ కాదు మామ్మా అని చెప్పి చూశాను. "ఇంజనీరువే కదా" అంది. మా ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా, టీవీ రాకపోయినా ఇదే వరస.

మా ఇల్లు విజయవాడ వన్‌టౌన్లో, కాళేశ్వరరావు మార్కెట్టుకి నడిచి వెళ్ళే దూరంలో. వెడల్పు 12 అడుగులు, పొడుగు 60. అటు గోడా ఇటు గోడా పక్కింటివాళ్ళతో ఉమ్మడి. ముందు తాతయ్య కొట్టు, దాని వెనక హాలు, ఆ వెనక గది, వంటిల్లు, ఆఖర్న రెండు మంచాలు పట్టేంత జాగా, ఆ మూల లెట్రిన్. రైలుపెట్టె అనుకోండి, కాకపోతే కిటికీలు లేవు. బంగాళా పెంకు ఉన్న రోజుల్లో నడిమి గదికి రెండు అద్దం పెంకులు ఉండేవట, మిట్టమధ్యాహ్నం నేల మీద చాపంత వెలుగు పడేదట. 1986లో పైన స్లాబు వేశారు. వెలుగు పోయింది, మెట్లు వచ్చాయి. ఆ మెట్ల కింద, పాత కుట్టుమిషనూ గ్యాసుబండా పెట్టుకునే 3 అడుగులు బై 4 అడుగుల చోటే నాకు దొరికిన సైటు. కిటికీ లేదు, పెడదామంటే బయటి గోడా లేదు.

అసలు ఉన్న లెట్రిన్‌ని తీసుకెళ్ళి ఆ చివర ఎందుకు పెట్టారు? మడి అనీ, వాస్తు అనీ, వాసన అనీ అనుకునేవాణ్ణి. గొట్టం వెయ్యడానికి మేస్త్రి వెనక గోడ అడుగున ప్లాస్టరింగు కొడుతుంటే, నేలకి ఆనుకుని అడుగున్నర వెడల్పు చిన్న కమాను బయటపడింది. వేరే రకం ఇటుకలతో పూడ్చేసి ఉంది. అవతల సందు. "ఇదేంటి మేస్త్రీ?" అంటే ఆయన తలెత్తకుండానే, "పాకీవాళ్ళ దారండీ. ఈ వరసలో పాతిళ్ళన్నిటికీ ఉంటది" అన్నాడు.

ఆ కంత గురించే ఈ సోదంతా.

ముందు మన భాషలో ఈ గదికున్న పేర్లు చూడండి. దొడ్డి అంటే పెరడు, పశువుల్ని కట్టే చోటు. బందెలదొడ్డిలో ఉన్నది ఆ దొడ్డే. "దొడ్డికెళ్ళడం" అంటే పెరట్లోకో ఆ వెనక చేలోకో వెళ్ళొస్తున్నానని మర్యాదగా చెప్పడం. దానికి మరుగు చేరిస్తే మరుగుదొడ్డి. పాయిఖానా పారశీకం నుంచి దిగుమతి, పాయ్ అంటే కాలు, ఖానా అంటే ఇల్లు. పాకీ కూడా అటునుంచి వచ్చిందే, పాక్ అంటే శుభ్రమని, పవిత్రమని. శుభ్రం చేసే మనిషికి శుభ్రం అని పేరు పెట్టి, తర్వాత ఆ మాటనే తిట్టు చేసుకున్నాం. ఒక్క పేరూ సూటిగా విషయం చెప్పదు. అన్నీ చాటుకి పోతున్నట్టే ఉంటాయి.

డెల్టా పల్లెల్లో ఆ చాటుకి లోటు లేదు. ఇంటికి మధ్యలో మండువా, అందులోంచి ఎండా వానా గాలీ, వెనక పెద్ద పెరడు, ఆ వెనక చేను, కాలవగట్టు. ఇల్లంతా వెలుగే, ఈ పని ఇంటికి అవతల. ఆడవాళ్ళకి మాత్రం చీకటే మరుగు. తెల్లారకముందు లేదా పొద్దుగూకాక, మధ్యలో ఓపిక పట్టాల్సిందే. దీన్ని కూడా పాతకాలం అందాల్లో కలిపి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బెజవాడకి ఆ జాగా లేదు. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఒకవైపు కృష్ణ. 1852లో మొదలైన ఆనకట్ట 1855కి పూర్తయింది, కాలవల మీద పడవల్లో సరుకు రావడం మొదలైంది. 1880ల చివరికి నిజాం రైలు ఇక్కడిదాకా వచ్చింది. 1888లో మునిసిపాలిటీ అయ్యింది. కొండకీ నదికీ రైలుపట్టాలకీ మధ్య ఇరుక్కున్న చోట్లో అందరికీ కొట్టు కావాలి, కొట్టుకి రోడ్డు మీద మొహం కావాలి. అందుకే వెడల్పు తగ్గి పొడుగు పెరిగిన స్థలాలు. మండువా ముడుచుకుని రెండు అద్దం పెంకులయింది, పెరడు ముడుచుకుని రెండు మంచాల జాగా అయ్యింది. "దొడ్లోకి" అన్న మాట ఒక్కటే పల్లెటూరి సైజులో మిగిలింది.

చేను లేదు కాబట్టి పొడి పాయిఖానా వచ్చింది. ఎత్తు గద్దె, దాని మీద కంత, కింద డబ్బా. లోపలివైపు మనకో తలుపు. వెనకవైపు, మోకాలెత్తున, సందులోకి ఇంకో తలుపు. రోజూ పొద్దున్నే ఒక మనిషి ఆ సందులో వచ్చి, ఆ చిన్న తలుపు తీసి, డబ్బా లాగి, ఖాళీ చేసుకుని పోవాలి. ఆ సందుకి పేరే పాకీ సందు. అంటే ఇంటి నక్షా గీసినవాడు ముందే ఒక లెక్క వేసుకున్నాడన్నమాట: ఈ మనిషి రోజూ రావాలి, కానీ ఇంట్లోవాళ్ళ కంటపడకూడదు. మా భాషలో చెప్పాలంటే ఫ్రంటెండుకీ బ్యాకెండుకీ మధ్య ఆ కంత ఒక్కటే ఇంటర్‌ఫేసు. (ఈ పోలిక రాసుకుని మొదట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.)

కోస్తా పట్నాల్లో ఈ పని ఎక్కువగా రెల్లి కులంవాళ్ళ మీద పడింది. మామ్మ 1960లో ఈ ఇంటికి కాపురానికొచ్చింది. అప్పటి బియ్యం బస్తా ధర చెప్తుంది, పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి సామాను తూకం చెప్తుంది. రోజూ వెనక సందులో వచ్చే ఆవిడ పేరేంటని అడిగితే కాసేపు ఆలోచించింది. "పేరు ఎవరడిగార్రా. తలుపు చప్పుడైతే ఇటు నుంచి నీళ్ళు గుమ్మరించేవాళ్ళం. పండక్కి పాత చీర గోడ మీద పెట్టేదాన్ని" అంది. 1978లో నీళ్ళ పాయిఖానా కట్టి కంత పూడ్చేదాకా, 18 ఏళ్ళు. మొహం గుర్తుందా అంటే, లేదంది. చూస్తే కదా.

మామ్మని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. ఊరు ఊరంతా అలాగే కట్టింది. 1921లో ఇదే బెజవాడలో కాంగ్రెసు కమిటీ కూర్చుని కోటి రూపాయల నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల చరఖాలు అని కార్యక్రమం పెట్టుకుంది. ఆ సభకొచ్చిన గాంధీ 1901 కలకత్తా కాంగ్రెసులో చీపురు పట్టుకుని తనే పాయిఖానా కడిగిన మనిషి. అయినా బెజవాడ జాబితాలో పాయిఖానా ఊసు లేదు. స్వాతంత్ర్యం తర్వాత 1957లో మల్కానీ కమిటీ వేశారు, 1960లో నివేదిక వచ్చింది. నెత్తిన మోయించే పద్ధతి పోవాలి, తోపుడుబండ్లు ఇవ్వాలి అంది. తట్ట బదులు బండి అన్నమాట. పని చేసే మనిషి మాత్రం అదే మనిషి.

పొడి పాయిఖానాలని నిషేధిస్తూ మొదటి చట్టం 1993లో గానీ రాలేదు, అమల్లోకి వచ్చింది 1997లో. మొదట ఒప్పుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాగితం మీద చట్టాన్ని కదిలించడానికి పోరాడిన వాళ్ళలో ముఖ్యుడి ఇంటిపేరు చూసి మొదటిసారి ఉలిక్కిపడ్డాను: బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడు, తల్లిదండ్రులది ఇదే పని. మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టాడు. ప్రభుత్వాలు "మా దగ్గర లేవు" అని అఫిడవిట్లు ఇస్తుంటే వీళ్ళు ఊరూరా తిరిగి ఉన్నవి లెక్కపెట్టారు, 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2013లో కొత్త చట్టం, 2014 మార్చిలో తీర్పు, 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చాయి. మా ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న మనిషి గురించి ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు పాతికేళ్ళొచ్చేదాకా తెలీదు.

సరే, మెట్ల కిందకి వద్దాం. ఈ గది ఇంటి లోపలికి రాగలగడానికి కారణం ఒక వంపు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల మేస్త్రి పేటెంటు తీసుకున్న వంపు గొట్టం. ఆ వంపులో రెండంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, కింది వాసన పైకి రాదు. ఆ నీళ్ళ బిరడా లేకపోతే మామ్మ కోరిక తీర్చడం ఎవరివల్లా కాదు. అయినా ఆవిడే మొదట పేచీ పెట్టింది, ఆ గోడ అవతలే వంటిల్లు కదా అని. "మరి నువ్వే కదా అడిగావు" అంటే "అడిగాను, అక్కడ పెట్టమన్నానా" అంది. రెండు రోజులు పట్టింది ఒప్పించడానికి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం లెట్రిన్‌కి కనీసం 1.1 చదరపు మీటర్లు, వెడల్పు 0.9 మీటరు ఉండాలి. మా 12 చదరపు అడుగులు సరిగ్గా గీత మీద పాసయ్యాయి. ఒక గోడ బయటి గాలికో గాలిషాఫ్టుకో తెరుచుకోవాలన్న దగ్గర ఫెయిలు. వెలుగు కోసం నా తెలివితేటలన్నీ వాడాను. ఒక మెట్టు నిలువు పలక తీసేసి గాజు ఇటుక పెడదామన్నాను. "స్లాబు మెట్లండీ, సుత్తి పెడితే మొత్తం దిగుద్ది" అన్నాడు మేస్త్రి. డాబా మీంచి లోపల అద్దంలా మెరిసే గొట్టం దింపి ఎండని కిందికి తెద్దామన్నాను. "వానాకాలం కారకపోతే నన్నడుగు" అన్నారు నాన్న. అలా సూర్యుడు డిజైన్లోంచి తప్పుకున్నాడు.

గాలి లెక్క తేలికే. మెట్ల వాలు కింద గది ఎత్తు ఒకవైపు 7 అడుగులు, రెండోవైపు 5 అడుగుల 3 అంగుళాలు. కమోడ్ ఎత్తు తక్కువ వైపు పెట్టాం, మామ్మ ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలే కాబట్టి లేచినా తల తగలదు. లోపలి గాలి సుమారు 75 ఘనపుటడుగులు. 4 అంగుళాల గొట్టంలోంచి ఫ్యాను నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగినా నిమిషంన్నరలో గాలంతా మారిపోతుంది. ఆ గొట్టం హాల్లోకి కాదు, డాబా పైదాకా పోవాలి. చాలామంది మర్చిపోయేది ఏంటంటే, గాలి పోవాలంటే రావాలి కూడా. తలుపు కింద అంగుళం సందు వదిలాం. తలుపు బయటికే తెరుచుకుంటుంది, లోపల మనిషి పడిపోతే లోపలికి నెట్టే తలుపు తెరుచుకోదు. గడియ బయటినుంచి కూడా తీయొచ్చు.

దీపం దగ్గరే నేను మొదట పప్పులో కాలేశాను. కమోడ్ ఎదురుగా, తలుపు పైన ఒక బల్బు పెట్టించాను. వాడుకునే వాళ్ళకి హాయిగానే ఉంది. మొదటి ఆదివారం అమ్మ కడగడానికి వంగితే ఆవిడ నీడ ఆవిడ చేతుల మీదే పడింది, ఏం కడుగుతోందో కనపడలేదు. అప్పుడు వెలిగింది నాకు. వందేళ్ళుగా ఈ గదికి వెలుతురు ఎవరూ అడక్కపోవడానికి కారణం, కడిగేవాళ్ళు ఇంటి మనుషులు కాకపోవడమే. మర్నాడే నేను బ్రష్షు పట్టుకుని కడిగి చూసి, రెండో దీపం పక్కగోడకి పెట్టించాను. ఇంకో సంగతి, అన్నీ తెల్ల టైల్సు వేస్తే చీకటి పోతుందనుకున్నాం గానీ, మామ్మ కళ్ళకి తెల్ల నేలా తెల్ల కమోడూ ఒకటైపోయాయి. నేల మార్చి ముదురు బూడిదరంగు గరుకు టైల్సు వేశాం.

మిగిలింది గొట్టం. మెట్ల దగ్గర్నుంచి వెనక సందు దాకా 30 అడుగులు, 40కి 1 చొప్పున వాలు ఇస్తే 9 అంగుళాల దిగుడు. గది నేలని ఒక మెట్టు ఎత్తు చేస్తే సుళువన్నాడు మేస్త్రి. మెట్టెక్కలేకే కదా ఈ గొడవంతా. వంటింటి కింద లోతుగా తవ్వాం. మా వీధిలో మురుగు లైను ఆ పాత పాకీ సందులోంచే పోతుంది. ఒకప్పుడు మనిషి నడిచిన దారే ఇప్పుడు గొట్టం దారి.

పని సగంలో ఉండగా ఆ సందులో మ్యాన్‌హోలు పొంగింది. సందు వెడల్పు 5 అడుగులు, మిషన్ బండి లోపలికి రాదు. ఎవరో ఎవరికో ఫోన్ చేస్తే ఇద్దరొచ్చారు, వెదురు బద్దలతో. కాసేపు పొడిచి, అందట్లేదని ఒకతను చొక్కా విప్పాడు. దిగొద్దన్నాను. 2013 చట్టం రక్షణ లేకుండా దించడం నేరమంటుంది, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలా చనిపోతే 30 లక్షల పరిహారం అంది, ఇవన్నీ నా నోటి దాకా వచ్చాయి. అతను నా వైపు చూసి, "ఏం కాదు సార్, నడుం లోతే" అని దిగేశాడు. పావుగంటలో అయిపోయింది. మా కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వెళ్ళారు.

తర్వాత మేస్త్రితో మాట్లాడి, మా గొట్టం సందులో కలిసే చోట, రెండడుగుల లోతున ఇన్‌స్పెక్షన్ చాంబరు కట్టమన్నాను. మూత తీసి పై నుంచే రాడ్డు పెట్టుకునేట్టు, లోపల గిన్నెలా నునుపు చేసి. మా ఇంటి వరకే పనికొస్తుంది, సందంతటికీ కాదు. అదనంగా నాలుగు వేలవుతుందన్నాడు. "సందులోది మనకెందుకురా" అన్నారు నాన్న. మంచం మీంచి మామ్మ అంది, "కట్టించనీరా, ఉత్త నాలుగు వేలేగా."

కట్టించాం. మామ్మ ఇప్పుడు రాత్రంతా ఆ గదిలో చిన్న దీపం ఆర్పనివ్వట్లేదు.