ఐతారము నాటి కూలి



జహీరాబాదు ప్రాంతములో చెరకు నరికే కాలము వచ్చినప్పుడెల్ల మా సంఘములలో ఒక ప్రశ్న మరల వినబడుచుండును. ఫ్యాక్టరీ పర్మిటు ఏ దినమునకు వచ్చునో ఆ దినముననే చెరకు నరికి బండి కెత్తవలెను. అది ఆదివారమైనను ఆగదు. ఎండిన చెరకు తూకము తగ్గును గనుక రైతు ఆగడు. రైతు ఆగడు గనుక కూలివారు ఆగలేరు. అట్లయితే క్రైస్తవుడు ఆదివారము కూలికి పోవచ్చునా, కూడదా?

సుమారు ఇరువది యేండ్ల క్రిందట, నేను ఈ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చిన దినములలో, ఒక విధవరాలు వరుసగా మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. పెద్దల కూటములో ఆమె సంగతి వచ్చెను. వేదాంత కళాశాలలో నేర్చినదంతయు తోడు తీసికొని నేను ఆమె యింటికి వెళ్లి, నాల్గవ ఆజ్ఞను గూర్చి చాలసేపు మాట్లాడితిని. ఆమె గుమ్మము పట్టుకొని నిలువబడి అంతయు విని, "అయ్యగారూ, ఐతారం పనికి రానంటే సోమారం గూడ రావద్దంటడు పటేలు. పిల్లలకేం పెట్టాలె? నా సంగతి ఆ దేవునికి ఎరుక లేదా?" అని అడిగెను. నాకు జవాబు దొరకలేదు. ప్రార్థన చేసి వచ్చితిని. ఆ నెల ప్రభువు బల్ల యొద్దకు ఆమె రాలేదు. రావద్దని నేను చెప్పలేదు. అయినను నా మాట వలననే ఆమె రాలేదని నాకు తెలియును.

ఆమె ప్రశ్నకు జవాబు వెదకుచు నేను మరల చరిత్ర పుస్తకములు తెరచితిని. అందులో నాకు కనబడినది మీ యెదుట పెట్టుచున్నాను.

మొదట లేఖనము. విశ్రాంతి దినపు ఆజ్ఞ మోషే గ్రంథములలో రెండు చోట్ల ఉన్నది. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములో దానికి చెప్పబడిన కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పని చేసి ఏడవ దినమున విశ్రమించెను గనుక మనుష్యుడును విశ్రమింపవలెను. ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములోనైతే కారణము వేరు. అక్కడ ఐగుప్తులోని దాసత్వము జ్ఞాపకము చేయబడినది. నీవు దాసుడవై యుంటివి గనుక నీ దాసుడును దాసియు నీవలెనే విశ్రమింపవలెనని దాని భావము. నేను ఆ విధవరాలికి చెప్పినది మొదటి పాఠము. రెండవ పాఠమును నేను ఆ పటేలుకు గాని, మరి ఏ యజమానునికి గాని చెప్పియుండలేదు.

క్రొత్త నిబంధనలో ఆదివారమున పని మానవలెనను ఆజ్ఞ ఎక్కడను లేదు. శనివారమును ఆచరించు సెవెంత్ డే సహోదరులు, ఏ వాక్యమును బట్టి దినము మార్చితిరని మనలను అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన జవాబు ఏమనగా, ఆది సంఘము విశ్రాంతి దినమును మార్చలేదు. ప్రభువు లేచిన దినమున కూడుకొనెను, అంతే. కొలొస్సయులకు వ్రాయుచు పౌలు, విశ్రాంతి దినము విషయమై ఎవడును మీకు తీర్పు తీర్చరాదని హెచ్చరించెను. ఆది విశ్వాసులలో అనేకులకు ఆదివారమున సెలవు లేదు. అపొస్తలుల కార్యములు ఇరువదవ అధ్యాయములో త్రోయ సంఘము వారము మొదటి దినమున రాత్రివేళ, దీపములు పెట్టుకొని కూడుకొనెను. పౌలు ప్రసంగించుచుండగా ఐతుకు అను యౌవనస్థుడు నిద్రమత్తుచే మూడవ అంతస్తునుండి పడిపోయెను. ఆ ఐతుకు పగలంతయు కూలి చేసి వచ్చినవాడై యుండునని నా తలంపు. బోధకులు అతని నిద్రను గూర్చి ఎన్నో ప్రసంగములు చేసియున్నారు గాని అతని పగటిపనిని గూర్చి చేసినట్లు నేను వినలేదు.

సుమారు క్రీ.శ. 112లో బితూనియను పాలించిన ప్లినీ అను రోమా అధికారి, క్రైస్తవులను గూర్చి ట్రాజను చక్రవర్తికి ఒక ఉత్తరము వ్రాసెను. వారు ఒక నియమిత దినమున తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడని స్తుతించి, చెదరిపోయి, తరువాత మరల భోజనమునకు కూడుకొందురని అందులో ఉన్నది. సంగతి తెలిసికొనుటకై అతడు సంఘములో పరిచారకులుగా నుండిన ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టించెను. తెల్లవారకముందు ఏల? తెల్లవారిన తరువాత దాసి సమయము దాసిది కాదు గనుక.

ఆదివారము ప్రభుత్వపు సెలవైనది 321లో. కాన్‌స్టంటైను చక్రవర్తి ఆ సంవత్సరము మార్చి 7న ఆజ్ఞ జారీచేసి, న్యాయాధిపతులును పట్టణవాసులును ఆ దినమున పని మానవలెనని నిర్ణయించెను. అయితే పల్లెలలో పొలము దున్నువారు, విత్తువారు, ద్రాక్షలు నాటువారు తమ పని చేసికొనవచ్చునని ఆ ఆజ్ఞలోనే ఉన్నది. అదను తప్పిన పంట మరల రాదని కారణము చెప్పబడినది. పర్మిటు తప్పిపోవునని మన రైతు చెప్పు మాట పదునేడు వందల యేండ్ల నాటిదన్నమాట! చూచితిరా, మొదటి ఆదివారపు సెలవు కచేరీ గుమాస్తాకు దొరికెను గాని పల్లెలోని కూలివానికి దొరకలేదు. ఆ శతాబ్దములోనే లవొదికయ సభ ఆదివారమును ఘనపరచుడని చెప్పుచు, వీలైనయెడల పని మానుడని వ్రాసెను. ఈ 'వీలైనయెడల' అను మాట వ్రాసిన పెద్దలకు తమ సంఘములలో వీలులేనివారు ఉన్నారని తెలిసియుండెను. పొలము పనికిచ్చిన ఆ మినహాయింపును 886 నుండి 912 వరకు ఏలిన ఆరవ లియో చక్రవర్తి తీసివేసెను.

ఐరోపా సంగతులు ఇంతటితో విడిచి మన తెలుగు దేశమునకు వచ్చెదను. ఇక్కడ ఆదివారపు చరిత్ర వేరుగా నడిచినది.

అమెరికను బాప్టిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురముండుటకు వచ్చిరి. ఆ సంవత్సరముననే ఎర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన మాదిగ కులములో పుట్టి, తోళ్ల వ్యాపారము చేయుచు, యోగ గురువుల యొద్ద దేవుని వెదకినవాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడెను. ఆ నెలలోనే తాళ్లకొండపాడు వద్ద ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. పదునొకండేండ్లకు, గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీలో అనేకులు వినియుందురు.

క్రొత్త విశ్వాసుల యెదుట క్లౌ దొరగారు పెట్టిన నియమములు మూడే. ఆదివారము పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసము తినవద్దు, విగ్రహములను పూజింపవద్దు. ఈ మూడింటిని వరుసగా చదివినప్పుడు మనకు ఒకే తీరుగా కనబడును గాని ఆ పల్లెలలో అవి ఒక తీరువి కావు. తక్కిన రెండింటి వలనను గ్రామములో కోపము పుట్టినమాట నిజమే. పోలేరమ్మ జాతరకు డప్పు కొట్టువాడు లేకపోయినయెడల ఊరు ఊరకుండదు. అయితే ఆదివారపు నియమము నేరుగా యజమానుని పొలమును తాకినది. చెప్పులు కుట్టుట, మోట బొక్కెనలకు తోలు కుట్టుట, కోతలు, నూర్పిళ్లు అన్నియు పిలిచినప్పుడు వచ్చి చేయవలసినవే. దానికి కళ్లములో కొలిచి యిచ్చు గింజలే జీతము. పిలిచినప్పుడు రానని చెప్పు దినము మాదిగవానికి సంవత్సరములో ఒక్కటియు లేదు. అట్టివాడు ఏడు దినముల కొకసారి, 'ఈ దినము నేను రాను' అని నిలువబడి చెప్పినప్పుడు ఊరిపెద్దల చెవులకు అది భక్తిగా వినబడలేదు, తిరుగుబాటుగా వినబడెను.

దాని ఫలితము వారు అనుభవించిరి. వారిని బావుల యొద్దకు రానీయలేదు. చాకలి బట్టలు ఉతకలేదు, కుమ్మరి కుండ అమ్మలేదు. వారి పశువులను ఊరి బీడునుండి తోలివేసిరి. కోతకాలమున పిలువక, వారి పాలు గింజలు వారికి దక్కకుండ చేసిరి. అయినను ఆ ఆదివారములు నిలిచెను. కొన్ని తరముల నుండి ఊరిది అనుకొనబడిన శరీరము వారమునకు ఒక దినము తనదాయెను. నేను దానిని తక్కువగా ఎంచను. కాని ఇంకొక మాట కూడ చెప్పవలెను. నియమము పెట్టినది బంగళాలో. దాని ఖరీదు చెల్లించినది పల్లెలో. ఆ ఖరీదు చెల్లించిన స్త్రీలలో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకములోను లేవు.

మా ప్రాంతపు సంగతి మరియొక విధము. 1956 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. తరువాత మెదకు జిల్లాలోను, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోను ఉన్నది. నిజాము కాలమున కచేరీలకు వారపు సెలవు శుక్రవారము. నైజాము ఇండియాలో కలిసిన తరువాత అది ఆదివారమునకు మారెను. మా తాతగారు ఒక దొర యొద్ద జీతగాడు. ఆయన చెప్పుచుండెడివారు: "జుమ్మా నాడు కచేరి బందు, ఐతారం నాడు ఏదీ బందు లేదు, జీతగానికి చచ్చిననాడే బందు." అందుచేత వారి ఆరాధన రాత్రి, పశువులకు మేత వేసి, దీపము పెట్టిన తరువాత జరిగెడిది. ఉపదేశకుడు పాట నేర్పుచుండగా సగముమంది గోడ కానుకొని నిద్రపోయెడివారట. మెతడిస్టు నియమములలో జాన్ వెస్లీ 1743లోనే ప్రభువు దినమున మామూలు పనిని, కొనుట అమ్ముటలను నిషేధించియుండెను. మా తాతగారు మెతడిస్టే. ఆ నియమమును ఆయన యెన్నడును గైకొనలేకపోయిరి. ఆయన విశ్వాసిగా మరణించిరి.

మన దేశములో కార్మికులకు ఆదివారపు సెలవు మిషనరీల వలననే వచ్చినదని కొందరు అనుకొందురు. ఇంగ్లీషు కచేరీల మట్టుకు పాలకుల మతమును బట్టి ఆదివారము సెలవు దినమైనమాట నిజమే. బొంబాయి మిల్లు కూలీలకైతే దానిని సంపాదించినది జ్యోతిబా ఫూలే అనుచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే. ఆయన 1884 నుండి దానికొరకు పోరాడగా 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకొనిరి. ఆదివారము ఖండోబా దినమని ఆయన వాదించెను. ఖండోబా అనగా మన ప్రాంతపు మల్లన్నయే. కొమురవెల్లి జాతర నేటికిని ఆదివారములలోనే జరుగును. హిందూ కూలివాని విశ్రాంతి కొరకు హిందువు పోరాడి గెలిచిన దినమున క్రైస్తవ కూలివాడును విశ్రమించెను. ఇందుకు మనము కృతజ్ఞులమై యుండవలెను. 1891 చట్టములోను, 1948 ఫ్యాక్టరీల చట్టములోను వారపు సెలవు చేరినది. అయితే ఆ చట్టములు ఫ్యాక్టరీ గోడల లోపలివి. చెరకు పిండువానికి సెలవు కలదు, చెరకు నరుకువానికి లేదు. కాన్‌స్టంటైను విడిచినచోటనే పొలము కూలివాడు ఇంకను ఉన్నాడు.

ఇది యంతయు చదివిన తరువాత నాకు కలిగిన అభిప్రాయమిది. ఆదివారము కూడుకొనుట సంఘమునకు ప్రాణము, దానిని విడువరాదు. విశ్రాంతియైతే దేవుడిచ్చిన వరము. అది దొరకనివానిని తప్పు పట్టుటకు ఆజ్ఞ ఇయ్యబడలేదు. ఇయ్యనివానిని అడుగుటకు ఇయ్యబడెను. నెహెమ్యా పదుమూడవ అధ్యాయము చూడుడి. విశ్రాంతి దినమున యెరూషలేములో చేపలమ్ముచున్న తూరు వర్తకులను చూచి అతడు మొదట గద్దించినది ఎవరిని? యూదా పెద్దలను. క్లౌ దొరగారి కాలములో యజమానులు సంఘము బయటనుండిరి గనుక పెద్దలను అడుగుటకు వీలులేదు. నేడు మన వారిలో దేవుని కృప వలన భూములు గలవారు ఉన్నారు. ఆదివారము ముందు బెంచీ మీద వారు పాట పాడుచుండగా వారి చెరకు తోటలో కూలివారు నరకుచుందురు. ఆ కూలివారిలో మన సంఘస్థులును ఉందురు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దల కూటములో, మూడు ఆదివారములు కూలికి పోయినవారిని ప్రభువు బల్ల నుండి ఆపవలెనని ఒక తీర్మానము వచ్చెను. నేను ఆ విధవరాలి సంగతి, నేను ఆమెతో మాట్లాడిన తీరు దాచక చెప్పి, నెహెమ్యా గ్రంథము చదివితిని. ఆరు ఎకరముల చెరకు గల ఒక పెద్ద చాలసేపు తల వంచుకొని కూర్చుండి, "అయ్యగారూ, పర్మిటు నా చేతుల లేదు గద" అనిరి. అదియు నిజమే. నేనేమియు అనలేదు. ఆ కాలమున ఆయన రెండు ఆదివారములు నరికించిరి. మూడవదానికి మాత్రము ప్రక్క రైతుతో మాట్లాడి పర్మిటు మార్చుకొనిరి. తీర్మానము వ్రాయబడలేదు.

అప్పటినుండి చెరకు కాలములో ఉదయము అయిదు గంటలకు ఒక ఆరాధన పెట్టితిమి. వచ్చువారు తమ కత్తులను, సద్దిమూటలను ఆలయపు గుమ్మము వద్ద పెట్టి లోనికి వత్తురు. ఆ విధవరాలు ఇప్పుడు ముసలిది. ఆమెకు కూలి చేతకాదు. ఆమె కూతురు వచ్చుచున్నది. నెలకొకసారి ప్రభువు బల్ల కూడ ఆ వేళనే జరుగును. ఆరు గంటలకు ట్రాక్టరు వచ్చి వీధి మొగలో హారను కొట్టును. అప్పటికి నేను ఆశీర్వాదము ముగింపవలెను.