వైద్యుడనే మందు

1957లో వెలువడిన ‘ది డాక్టర్, హిజ్ పేషెంట్ అండ్ ది ఇల్‌నెస్’ గ్రంథానికి పునాది లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో పడింది. బుడాపెస్ట్‌లో ఒక సాధారణ వైద్యుని కుమారుడైన మనోవిశ్లేషకుడు మైకేల్ బాలింట్, 1950ల ఆరంభంలో అక్కడ కుటుంబ వైద్యులను వారం వారం సమావేశపరిచాడు. ఉపన్యాసాలు లేవు. తనను సతమతం చేస్తున్న రోగి గురించి ఒక వైద్యుడు కేసు కాగితాలు చూడకుండా చెప్పాలి. అతడు మరచిన వివరమూ, గొంతులో తొణికిన విసుగూ చర్చకు వచ్చేవి. రోగిపై కోపమెందుకు వచ్చిందన్నదీ రోగనిర్ణయంలో భాగమే.

అన్నిటికన్నా ఎక్కువగా వాడే మందు వైద్యుడేననీ, దాని మోతాదు ఏ గ్రంథంలోనూ లేదనీ బాలింట్ వాదన. (ఆ అధ్యాయం నేటికీ పలుచనే.) పరిభాష అక్కడక్కడ బరువెక్కినా, ఆ వాదన పాతబడలేదు. భార్య ఎనిడ్ సోషల్ వర్కర్లతో నడిపిన చర్చల నుంచి ఆ పద్ధతి చాలా తెచ్చుకుంది. అట్టమీద మాత్రం ఆమె పేరు లేదు.