ఏలె లక్ష్మణ్: సైన్‌బోర్డుల నుంచి రాజముద్ర దాకా

ముషీరాబాద్‌లో ఏ సర్కారు ఆఫీసు బోర్డు చూసినా, తార్నాకలో గది తీసుకుని చదువుకునే విద్యార్థి ఫైల్లోని కుల ధ్రువీకరణ పత్రం చూసినా తెలంగాణ రాజముద్ర కనిపిస్తుంది. ఆ ముద్రను రూపొందించింది చేనేత కుటుంబం నుంచి వచ్చిన చిత్రకారుడు ఏలె లక్ష్మణ్. ముద్ర అందరికీ తెలుసు. గీసిన చేయి గురించి తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ పరిచయం.

లక్ష్మణ్ సొంతూరు కదిరేనిగూడెం. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. బతుకుదెరువు కోసం ఆయన మొదట సైన్‌బోర్డులు రాశారు. ఆ అక్షరాలు ఆయన్ను వదల్లేదు. తర్వాత కాన్వాసు మీద తన ఊరి మనుషులను వేసినప్పుడు వాళ్ల వెనక తెలుగు అక్షరాలు కూడా వచ్చి చేరాయి. అనేక తెలుగు పుస్తకాలకు ముఖచిత్రాలు గీశారు. తలపాగా చుట్టిన ముసలాయన, కష్టం చేసి నలిగిన ఆడమనిషి ఆయన బొమ్మల్లో ఉన్నది ఉన్నట్టుగా నిలబడతారు.

శ్రమ చేసే మనిషిని ఇలా నిలబెట్టడం చిన్న విషయం కాదు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ కూర్బే 1849లో రోడ్డు పక్కన రాళ్లు కొట్టే ఇద్దరు కూలీలను నిలువెత్తు కాన్వాసు మీద వేస్తే పెద్దమనుషులు ముఖం చిట్లించారు. అంత పెద్ద బొమ్మ రాజులకూ దేవుళ్లకే తగునన్నది వాళ్ల లెక్క. మన దగ్గర ఆ రాళ్లు కొట్టింది వడ్డెరలు. వాళ్ల బొమ్మ ఏ గోడ మీద ఉంది?

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు సాగిన పోరాటంలో దళిత, బహుజన విద్యార్థులు ముందున్నారు. డప్పు, గొంగడి ఉద్యమానికి గుర్తులయ్యాయి. కొత్త రాజముద్రలో మాత్రం కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్ చేరాయి. రెండూ పాలకుల పేర్లతోనే చరిత్రకెక్కిన కట్టడాలు. ఊరి మనుషులను గీసిన చిత్రకారుడి చేతి నుంచే వచ్చినా రాజ్యం కోరుకునే ముద్రలో ఆ మనుషులకు చోటు దొరకలేదు. దీన్ని ఒక్క చిత్రకారుడి లోపంగా మేము చూడటం లేదు. బొమ్మ గీసేది కళాకారుడే అయినా ఒప్పుకునేది సర్కారు.

2024 మే నెలలో రాచరికపు గుర్తులు తీసేస్తామంటూ కొత్త ప్రభుత్వం ముద్ర మార్పుకు సిద్ధమైంది. నిరసనలు రావడంతో ఆవిష్కరణ వాయిదా పడింది. అదే ఏడాది డిసెంబరు 9న సచివాలయంలో కిరీటం లేని, ఆకుపచ్చ చీర కట్టిన తెలంగాణ తల్లి విగ్రహం వెలిసింది. రెండు సందర్భాల్లోనూ వాదన ఎక్కువగా పార్టీల మధ్యే నడిచింది. తోరణం ఉండాలా, కిరీటం ఉండాలా అన్నారే గానీ, తోరణానికి రాయి మోసినవాళ్లు, డప్పు కొట్టి జనాన్ని కూడగట్టినవాళ్లు ఎక్కడున్నారని అడిగినవాళ్లు తక్కువ.

లక్ష్మణ్ జీవితంలో మేము చూసేది ఇదే. సైన్‌బోర్డులు రాసిన చేయి రాష్ట్రపు ముద్రను గీయగలిగింది. రేపు ముద్ర మారినా మారకపోయినా, అందులో ఎవరుండాలనే చర్చ నాలుగు గోడల మధ్య కాకుండా క్యాంపస్‌లో, వాడల్లో బహిరంగంగా జరగాలి. అందులో శ్రామిక కులాల చిత్రకారులకు గీసే పనితో పాటు నిర్ణయించే హక్కూ ఉండాలి.